రాతి వాసాల చుట్టిల్లు

అజంతా అంత పాత కొండ ఇళ్లు మనకి దగ్గర్లోనే ఉన్నాయి. అవి చూసి రావడానికి కారు, పులిహోర డబ్బా ఉంటే చాలదు... కాస్త ముందాలోచన కూడా ఉండాలి!

షిర్డీ యాత్ర అంటే కాకినాడ వాళ్లకి ఒక్క బాబా దర్శనంతో అయిపోదు. అంత దూరం వెళ్లాక అజంతా, ఎల్లోరా కూడా చూసి రావాల్సిందే. నెలల ముందు రైలు టిక్కెట్లు, హోటల్ గదులు, ఎవరికి కింద బెర్తు, ఎవరికి పై బెర్తు... పెళ్లి పనులంత హడావుడి. తిరిగొచ్చాక ఆ గుహల గురించి వారం రోజులు చెప్పుకుంటారు. బాగానే ఉంది. అజంతాలో అన్నిటికన్నా పాత గుహలు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటివి. ఇంచుమించు ఆ కాలంలోనే కొండను తొలిచి చేసుకున్న ఇళ్లు కాకినాడకి నాలుగు గంటల ప్రయాణంలో ఉన్నాయంటే మాత్రం 'అవునా! ఎక్కడ?' అని అడిగేవాళ్లే ఎక్కువ.

ఎక్కడంటే... గుంటుపల్లి. కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం పక్కన ఉంటుంది. నిన్నమొన్నటి దాకా పశ్చిమగోదావరి జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అక్కడి ఎర్రటి ఇసుకరాయి కొండల్లో బౌద్ధ భిక్షువులు గదులు తొలుచుకుని, వందల ఏళ్లు కాపురం లేని కాపురం చేశారు!

'గుహలే కదా' అనేవాళ్లు

నిజానికి గుంటుపల్లి అసలు తెలియనివాళ్లకంటే, వెళ్లొచ్చి పెదవి విరిచేవాళ్లతోనే ఆ కొండకి ఎక్కువ అన్యాయం జరుగుతోంది. వాళ్ల ప్రయాణం ఇలా ఉంటుంది. తెల్లవారుజామున కాకినాడలో బయల్దేరి చిన్నతిరుపతి వెళ్తారు. క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, ప్రసాదం తిని బయటికొచ్చేసరికి ఒంటిగంట. 'దగ్గర్లో ఏవో గుహలున్నాయిట, చూసి పోదాం' అంటారెవరో. మిట్టమధ్యాహ్నం కొండ కిందికి చేరతారు. మంచినీళ్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. కాళ్లు కాలుతుంటే రెండు గుహల్లోకి తొంగి చూసి, నాలుగు ఫొటోలు దిగి, 'ఏముందిక్కడ, గుహలే కదా' అనుకుంటూ దిగిపోతారు. మొత్తం కలిపి అరగంట. పిల్లలకైతే దాహం తప్ప ఇంకేమీ గుర్తుండదు.

తప్పు కొండది కాదు. కలిపిన లెక్కది. గుంటుపల్లిని దేనికో కొసరుగా పెట్టుకుంటే కొసరుగానే మిగులుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన కాకినాడ పెద్దవాళ్లలో కొందరు కొలరాడో రాష్ట్రంలోని మీసా వెర్డె జాతీయ పార్కు చూసే ఉంటారు. అక్కడ నిలువుగా దిగిపోయే కొండచరియల్లో, పైన రాయి గొడుగులా ముందుకొచ్చిన చోట, ఆదివాసుల పూర్వీకులు ఊళ్లకు ఊళ్లే కట్టుకున్నారు. క్లిఫ్ ప్యాలెస్ అనే ఒక్క కట్టడంలోనే 150 గదుల దాకా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఎక్కువ భాగం 13వ శతాబ్దం నాటివి. అంటే ఓరుగల్లులో గణపతిదేవుడు, రుద్రమదేవి ఏలుతున్న రోజులన్నమాట! కొండ మీద మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుని, రాతిలో వేళ్లు పట్టేంత గుంటలు చెక్కుకుని వాటి మీదుగా ఇళ్లలోకి దిగేవారు. 1300 ప్రాంతానికల్లా అన్నీ వదిలి వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి వెంటాడిన కరవు అందుకు ఒక కారణమంటారు.

ఆ ఇళ్లలో చాలావాటిలోకి అడుగు పెట్టాలంటే ముందే టిక్కెట్టు కొనుక్కుని, పార్కు రేంజరు వెంట, ఇచ్చిన వేళకే వెళ్లాలి. బాల్కనీ హౌస్ అనే చోటికైతే 32 అడుగుల నిచ్చెన ఎక్కాలి. మనిషి పాక్కుంటూ పోవాల్సిన సొరంగం కూడా ఉంటుంది. ఎవరు ఎక్కగలరు, ఎవరు కిందే కూర్చోవాలి అన్నది ఇంట్లో ఉండగానే తేల్చుకోక తప్పదు. అంటే అక్కడ ముందాలోచన పార్కు వాళ్లే మన చేత చేయిస్తారు. గుంటుపల్లిలో అలా చేయించేవాళ్లు లేరు. గేటు దగ్గర నామమాత్రపు టిక్కెట్టు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అదీ లేదు. తీసుకుని ఎక్కడమే. అందుకే లెక్కలు మనమే వేసుకోవాలి.

పూరింటి కప్పు రాతికెక్కింది

ముందుగా ఏం చూడబోతున్నామో ఇంట్లో కూర్చుని పిల్లలకు చెప్పాలి. ఈ ఒక్క పని చేస్తే సగం ప్రయాణం అయిపోయినట్టే.

గుంటుపల్లిలో అందరూ మొదట అడిగేది గుండ్రటి గుహ. పురావస్తు శాఖ వాళ్లు చైత్యగృహం అంటారు. ఊళ్లో వాళ్లకి మాత్రం అది ధర్మలింగేశ్వరస్వామి గుడి. లోపల మధ్యలో, అదే రాయిలోంచి చెక్కిన స్తూపం ఉంటుంది. దాని చుట్టూ మనిషి తిరగడానికి సరిపడా సన్నటి దారి. ఎప్పుడో బౌద్ధులు వెళ్లిపోయాక, గుండ్రంగా ఉన్న ఆ స్తూపంలో జనానికి శివలింగం కనిపించింది. కొబ్బరికాయ కొట్టారు. శివరాత్రికీ, కార్తీకమాసానికీ ఇప్పటికీ భక్తులొస్తారు. మొక్కేవాళ్ల పేరు మారింది, దేవుడి పేరు మారింది, ప్రదక్షిణ మాత్రం మారలేదు.

గుహ అడ్డకొలత సుమారు 18 అడుగులు. అంతే! మన ఇళ్లలో ఓ పెద్ద హాలంత. అయితే చూడాల్సింది అడ్డంగా కాదు, తలెత్తి. పైకప్పు గొడుగు తెరిచినట్టుంటుంది. చుట్టూ అంచు నుంచి నడినెత్తి దాకా రాతి వాసాలు వరసగా తేలి కనిపిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో చుట్టిళ్లు చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. గుండ్రటి మట్టిగోడ, దాని మీద చుట్టూ వాసాలు పేర్చి, కొసలన్నీ పైన ఒకచోట కలిపి, తాటాకో గడ్డో కప్పితే చుట్టిల్లు. తుపానుగాలి కూడా దాన్ని తేలిగ్గా పడగొట్టలేదు. గుంటుపల్లి శిల్పి ఆ ఇంటినే రాతిలో దించాడు.

ఇక్కడ పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి. కొండను తొలిచి చేసిన గదికి కప్పు పడిపోతుందన్న భయం లేదు. మరి వాసాలెందుకు? జవాబు చెప్పడానికి తొందరపడకండి. కాసేపు తలెత్తి చూడనివ్వండి. రాయికి వాసాలతో పనిలేదు, మనిషి కంటికే ఉంది. అప్పటిదాకా కర్రతో, గడ్డితో కట్టిన గుడులే గుడులు. రాతిలో చెక్కినా అలాగే ఉంటేనే గుడిలా అనిపించేది. ఆ కర్ర కట్టడాలు ఒక్కటీ మిగల్లేదు. అవెలా ఉండేవో చెప్పడానికి ఈ రాతి నకళ్లే మిగిలాయి. బీహార్‌లోని బరాబర్ కొండల్లో మౌర్యుల కాలం నాటి లోమస్ రుషి గుహ వాకిలి మీదా ఇలాంటి కర్రపనే, రాతిలో ఉంటుంది. గుంటుపల్లి గుహ వాకిలిని దాంతో పోలుస్తారు చరిత్రకారులు. పాట్నా ఎక్కడ, జీలకర్రగూడెం ఎక్కడ!

అక్కడి నుంచి ముందుకెళ్తే విహారాలు. ఇవే అసలు ఇళ్లు. కొండ చరియలో ఒకదాని పక్కన ఒకటిగా గదులు, వాటి వాకిళ్ల మీద గుర్రపులాడం ఆకారంలో తోరణాలు, ఒక గదిలోంచి మరో గదిలోకి దారులు. ఇసుకరాయి మెత్తన. తొలచడం తేలిక, కరిగిపోవడమూ తేలికే. వానలకు కొన్నిచోట్ల ముందు భాగాలు విరిగిపడ్డాయి. అందుకని మీసా వెర్డె ఫొటోల్లో కనిపించేంత నిండైన ఊరు ఇక్కడ కనిపించదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. అక్కడ ఉన్నది కుటుంబాలు. పొయ్యిలు, ధాన్యపు గదులు, పిల్లల అల్లరి అన్నీ ఉండేవి. ఇక్కడున్నది భిక్షువులు. వాళ్లకి వంటిల్లే లేదు. పొద్దున్నే భిక్షాపాత్ర పట్టుకుని కిందనున్న ఊళ్లోకి దిగడం, మధ్యాహ్నం లోపు తినేయడం, మళ్లీ కొండెక్కడం. అందుకే బౌద్ధారామాలు ఎక్కడ చూసినా ఊరికి మరీ దగ్గరగా ఉండవు, మరీ దూరంగానూ ఉండవు. మన గుమ్మం ముందు 'భవతీ భిక్షాందేహి' అన్నంత దూరంలో ఉంటాయి.

ఇంతకీ గదులెందుకు? భిక్షువు ఊరూరా తిరగాలి, ఒకచోట స్థిరపడకూడదు అన్నది నియమం. కానీ వానాకాలంలో తిరగడం కష్టం. మొలకలు, పురుగులు కాలికింద పడతాయి కూడా. అందుకని ఆషాఢ పౌర్ణమి తర్వాత మూడు నెలలు ఒకేచోట ఉండేవారు. వర్షావాసం అంటారు. మన స్వాములు చాతుర్మాస్య దీక్షకి ఒకచోట కూర్చోవడం లాంటిదే. ఆ మూడు నెలల తలదాచుకోవడం కోసం మొదలైనవే మెల్లగా శాశ్వతమైన విహారాలయ్యాయి. గదిలో నిలబడి 'ఇక్కడ మూడు నెలల వాన చూశాడొక మనిషి' అనుకుంటే ఆ నాలుగు గోడలు వేరేగా కనిపిస్తాయి.

ఇంకొంచెం పైన చదును చేసిన చోట 60కి పైగా చిన్న చిన్న స్తూపాలు గుంపుగా ఉంటాయి. మొక్కుకున్నవాళ్లు కట్టించినవి. పక్కనే ఇటుకలతో కట్టిన చైత్యం అవశేషాలు, ఓ శిథిల మండపం. ఆ మండపం దగ్గర తప్పకుండా ఆగాలి. దాని స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనం ఉంది. మొదట్లో దాన్ని కళింగ చక్రవర్తి ఖారవేలుడిదిగా చదివారు. తర్వాతి పండితులు సరిచూసి, అది మహామేఘవాహన వంశపు సిరిసద అనే రాజు కాలం నాటిదని తేల్చారు. ఆ మండపాన్ని ఇచ్చింది మాత్రం రాజు కాదు. ఆయన దగ్గర లేఖకుడిగా పనిచేసిన చులగోమ. మన భాషలో చెప్పాలంటే ఓ ఆఫీసు గుమాస్తా! రెండువేల ఏళ్ల కిందటి రాజుగారి దానాలు ఎన్నో మట్టిలో కలిశాయి. గుమాస్తా గారి పేరు ఇప్పటికీ చదవొచ్చు. ఈ కొండని అప్పట్లో మహానాగపర్వతం అనేవారని కూడా ఇక్కడి శాసనాల వల్లే తెలిసింది.

ముందు కొండ, తర్వాత దేవుడు

ఇక దారి సంగతి. కాకినాడ నుంచి సామర్లకోట, పెద్దాపురం, రాజానగరం మీదుగా రాజమండ్రి చేరాలి. కొవ్వూరు దగ్గర గోదావరి దాటి, దేవరపల్లి, నల్లజర్ల మీదుగా ద్వారకా తిరుమల. అక్కణ్నుంచి కామవరపుకోట వెళ్తే గుంటుపల్లి ఇంకో పది కిలోమీటర్లు. మొత్తం 160 కిలోమీటర్లు అటూఇటూ. కారు లేనివాళ్లు రైల్లో ఏలూరు దిగొచ్చు. అక్కడి నుంచి 40 కిలోమీటర్ల పైమాటే. కామవరపుకోట దాకా బస్సులున్నాయి, చివరి దూరానికి ఆటో మాట్లాడుకోవాలి. తిరిగి రావడానికి కూడా అదే ఆటోని ఆపుకుంటే నయం.

ఒక్కరోజులో వెళ్లి రావొచ్చా అంటే రావొచ్చు. కానీ పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే శనివారం మధ్యాహ్నం భోంచేసి బయల్దేరడమే సుఖం. రాత్రికి ద్వారకా తిరుమలలో దేవస్థానం సత్రంలోనో, లాడ్జిలోనో పడుకోవచ్చు. గది ముందే చూసుకోండి, పెళ్లిళ్ల ముహూర్తాలుంటే దొరకదు. ఆదివారం పొద్దున్నే కొండ దగ్గరికి. ఎనిమిది లోపు ఎక్కడం మొదలుపెడితే పదకొండింటికల్లా నింపాదిగా అన్నీ చూసి దిగొచ్చు. ఎండ ముదిరే వేళకి మళ్లీ చిన్నతిరుపతి, దర్శనం, భోజనం, తిరుగు ప్రయాణం. ముందు కొండ, తర్వాత దేవుడు... వరస ఇలా మారిస్తే చాలు. వెంకన్నబాబు ఏమీ అనుకోడు!

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవిలో ఆ కొండ రాళ్ల మీద పిల్లల్ని నడిపించడం తగని పని. వానల్లో పచ్చగా బావుంటుంది గానీ మెట్లు జారతాయి. కార్తీక ఆదివారాలు వనభోజనాల రద్దీ ఉంటుంది. నిశ్శబ్దంగా చూడాలనుకునేవాళ్లు ఆ నాలుగు వారాలు వదిలేయడం మంచిది. కొండ మీద తినడానికేదో దొరుకుతుందని నమ్ముకోవద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోర, పెరుగన్నం, కాసిని గొట్టం కాజాలు సర్దుకోండి. ఒక టార్చిలైటు కూడా. గదుల లోపలి మూలలు చూడ్డానికి సెల్‌ఫోను వెలుతురు చాలదు.

కొందరు ఉత్సాహం కొద్దీ 'ఎలాగూ అటే కదా, పాపికొండలు కూడా చూసేద్దాం' అంటారు. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ కొండలూ చూడదగ్గవే. కానీ పడవ ప్రయాణం రోజంతా పడుతుంది. గోదావరి నీటిమట్టాన్ని బట్టి బోట్లు నడుస్తాయి, ఆగుతాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం తర్వాత గడబిడగా పడవెక్కే ఆలోచన ఎవరూ చేయకూడదు. దానికి వేరే సెలవు పెట్టుకోవాల్సిందే.

మామ్మగారి మోకాళ్లు

ప్రతి ఇంట్లో ఈ ప్రశ్న వస్తుంది. 'అమ్మ ఎక్కగలదా?' అని కొడుకు గొణుగుతాడు. 'నన్నొదిలేసి వెళ్తార్రా?' అని ఆవిడ గట్టిగానే అంటుంది. గుంటుపల్లిలో నిచ్చెనలు లేవు, పాకాల్సిన సొరంగాలూ లేవు. మెట్లున్నాయి. ఆగుతూ ఆగుతూ ఎక్కితే చైత్యగృహం దాకా చాలామంది పెద్దవాళ్లు వెళ్లగలరు. అక్కడ కూర్చోవడానికి నీడ ఉంటుంది, దణ్నం పెట్టుకోవడానికి ధర్మలింగేశ్వరుడూ ఉంటాడు. విహారాల వైపు నేల ఎగుడుదిగుడు, శిఖరం మీది స్తూపం దాకా మరిన్ని మెట్లు. అక్కడికి వయసులో ఉన్నవాళ్లు వెళ్లొస్తే చాలు. గుండెజబ్బు, మోకాళ్ల ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ని ముందే అడగాలి. మొత్తానికి కొండ కింద మొదలయ్యే వాదన ఇంట్లోనే తేల్చుకుంటే ఆవిడ కూడా మనసు చిన్నబుచ్చుకోదు.

పేర్లు రాసుకోవడానికి రాయే దొరికిందా?

ఇసుకరాయి మెత్తనిదని చెప్పుకున్నాం కదా. ఆ మెత్తదనమే దానికి శాపం. తాళంచెవితో గీసినా గీత పడుతుంది. ఇలాంటి పాత కట్టడాల గోడల మీద ప్రేమికుల పేర్లు, బాణం గుర్తులు, ఫలానా కాలేజీ ఫలానా బ్యాచ్... చూడని చోటు లేదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటోంది చట్టం. అయినా భయపడేవాళ్లు తక్కువే.

మీసా వెర్డెలో ఈ పాఠం కష్టపడి నేర్చుకున్నారు. 1891లో గుస్తాఫ్ నోర్డెన్‌షోల్డ్ అనే స్వీడన్ యువకుడొచ్చి, అక్కడి ఇళ్లలో తవ్విన కుండలు, బుట్టలు, చివరికి అస్థికలు కూడా పెట్టెల్లో సర్దుకుని ఐరోపా పంపించేశాడు. అడ్డుకుందామంటే అప్పటికి చట్టమే లేదు. పురావస్తువుల రక్షణకి చట్టం 1906లో వచ్చింది. ఆ ఏడాదే మీసా వెర్డె జాతీయ పార్కయింది. ఆ సామాను ఫిన్లండ్ మ్యూజియంలో ఉండిపోయింది. అస్థికలు, సమాధి వస్తువులు మాత్రం 2020లో తిరిగి సొంత మనుషుల దగ్గరికి చేరాయి. 130 ఏళ్లు పట్టింది!

పిల్లలకి పేరు రాసుకోవాలన్న సరదా ఉంటుంది. కాదనక్కర్లేదు. వెళ్లేటప్పుడు తలా ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి. బ్రాహ్మీ అక్షరాల పట్టిక ఒకటి ముందే ప్రింటు తీసి పెట్టండి. మన తెలుగు అక్షరాలు ఆ లిపి నుంచి పుట్టినవే. మండపం దగ్గర కూర్చుని, చులగోమ పేరు రాసిన లిపిలోనే ఎవరి పేరు వాళ్లు రాసుకుంటారు. 'క' అక్షరం కూడిక గుర్తులాగా ఉంటుందని కనిపెట్టి వాళ్లే మీకు చెబుతారు.

ఆ సరదా ఇంటికొచ్చాక కూడా తగ్గకపోతే, ఇంకో ఆదివారం పిఠాపురం వైపు బండి తిప్పండి. కొడవలి కొండ మీద శాతవాహన రాజు చందసాతి కాలం నాటి బ్రాహ్మీ శాసనం ఉంది. కాకినాడ నుంచి గంట లోపు ప్రయాణం. పట్టిక మాత్రం మర్చిపోకండి.